గ్యారంటీ గారి గింజలు, మా అత్త విచారణ

ఆ రోజుల్లో పరిశోధన అంటే నాకు చాలా గొప్ప అభిప్రాయం ఉండేది. పరిశోధన చేసేవాళ్ళు ఎవరి కంటా పడకుండా తిరుగుతారనీ, అవతలివాడు తన నోటితో తానే అంతా చెప్పేసేదాకా కనురెప్ప కూడా ఆడించరనీ నమ్మేదాన్ని. ఇప్పుడు నేను తీసిన డాక్యుమెంటరీలు నలుగురూ చూస్తున్నారు, రాసిన పుస్తకాలు లైబ్రరీల్లో దొరుకుతున్నాయి, నేను వస్తున్నానంటే కొందరు అధికారులు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు (ఈ మాట గొప్పకే చెబుతున్నాను, దాచుకోవడం దేనికి). సభల్లో మైకు చేతికిచ్చి మీ మొదటి పరిశోధన గురించి చెప్పండి అని అడిగినప్పుడల్లా గొంతు సవరించుకుని, రైతు, విత్తనం, నకిలీ వ్యాపారం అంటూ ఒక గంభీరమైన కథ చెబుతాను. అది అబద్ధం కాదు. కాకపోతే అందులో మా మేనత్త ఉండదు, జంతికలు ఉండవు, నేను కట్టుకున్న మామిడిపిందెల అంచు చీర ఉండదు. అవి తీసేస్తే ఆ కథలో మిగిలేది సగమే. సభల్లో చెప్పని ఆ రెండో సగం మీకు చెబుతాను.

అప్పటికి నేను నరసరావుపేటలో ఒక కేబుల్ చానల్లో కొంతకాలం పనిచేసి మానేశాను. అక్కడ నా ఉద్యోగం కోటప్పకొండ తిరునాళ్ళకు ఏ ఊరివాళ్ళు వెదురుతో కట్టిన ప్రభ ఎంత ఎత్తు లేచిందో చెప్పడం, కొత్త బట్టల షాపుల్లో రిబ్బను కత్తిరించే పెద్దలను నవ్వుతూ ఉండగా తీయడం. ఇది నా స్థాయికి తగిన పని కాదని నాకు గట్టిగా అనిపించింది. (నా స్థాయి ఏమిటో ఇంకెవరికీ తెలియదు, అది వేరే సంగతి.) సొంతంగా ఒక కెమెరా, దానికొక స్టాండు కొనుక్కుని, దేశంలో ఏ అన్యాయం మీద పడదామా అని మేడ గదిలో కూర్చుని ఆలోచిస్తున్నాను. నేను అంత దూరం వెళ్ళే అవసరం లేకుండా అన్యాయం మా బాబాయి చేలోనే జరిగింది.

మా బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు, వెల్దుర్తి దగ్గర పొలం కౌలుకు తీసుకుని మిరప వేశాడు. ఒకరోజు ఫోన్ చేసి, ఏ సంగతీ చెప్పకుండా, కెమెరా తీసుకుని రమ్మన్నాడు. వెళ్ళి చూస్తే తోట పచ్చగా, ఏపుగా, నడుము ఎత్తున ఉంది. బాగుందే అనబోయి దగ్గరికెళ్ళాను. కాయల్లేవు. అక్కడక్కడా ఉన్నవాటిలో ఒకటి వేలెడు పొడుగుంటే, పక్క చెట్టుది రేగిపండంత ఉంది, ఆ పక్క చెట్టుది తలకిందులుగా ఆకాశం వైపు చూస్తోంది. ఒకే కవర్లో గింజలు, ఒకే చేను, చెట్టుకొక జాతి.

“చూడమ్మడూ, ఇది మిరపతోటా, గొడ్ల మేతా?” అన్నాడు బాబాయి. నవ్వుతూ అనాలని చూశాడు కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

గింజలు కొన్నది మాచర్ల బజార్లో ఒక విత్తనాలాయన దగ్గర. ఆయన అసలు పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ అక్కర్లేదు, ఊరంతా ఆయన్ని గ్యారంటీ గారనే పిలిచేవాళ్ళు. ఏ మాట మొదలుపెట్టినా ‘గ్యారంటీ నాది’ అని ముగించడం ఆయన అలవాటు.

“బిల్లు యాడుంది బాబాయ్?”

“బిల్లేందే! గ్యారంటీ నాదయ్యా, బిల్లెందుకన్నాడు. అంత పెద్దాయన అట్టా అన్నాక ఇంకేమడుగుతాం?”

బిల్లు లేదు, కవరు మీద షాపు పేరు లేదు కాబట్టి వ్యవసాయాఫీసులో ఫిర్యాదు తీసుకోలేదు. గింజ ఎవరమ్మారో తేలితే తప్ప చేను చూడటానికి రాలేమన్నారు. అసలు ఇబ్బంది అది కూడా కాదు. నేలలో పదును, అంటే గింజ మొలిచేంత తడి, ఇంకా ఉంది. ఆ పదును ఆరిపోకముందే మిరప పీకేసి జొన్న చల్లుకుంటే కౌలుకూ తిండికీ సరిపోతుంది. పీకేస్తే సాక్ష్యం పోతుంది. పీకకపోతే జొన్న పోతుంది. చుట్టుపక్కల అదే గింజ వేసిన రైతులు ఒక్కొక్కరే తోటలు దున్నేసుకుంటున్నారు. బాబాయి ఒక్కడే మొండికేసి ఆ మేతను కాపలా కాస్తున్నాడు.

“నువ్వు కెమెరా కొన్నావుగా. ఆయన నోటెంట ఒక్క మాట రాబట్టు, చాలు. పదును ఉన్నందాకా ఆగుతా,” అన్నాడు. చిన్నప్పుడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని తిరునాళ్ళన్నీ చూపించిన మనిషి, నన్ను ఒక పెద్ద ఆఫీసరుని అడిగినట్టు అడిగాడు. “పీకబాకు బాబాయ్, నే చూసుకుంటా,” అన్నాను. ఎలా చూసుకోవాలో నాకు ఏ మాత్రం తెలియదు. కానీ గొంతులో ఎక్కడా తడబాటు లేదు. ఆ విషయంలో నాకు చిన్నప్పటి నుంచీ లోటు లేదు.

నా పథకం ఇది. పెద్ద కెమెరా చూస్తే ఎవరూ నోరు తెరవరు కాబట్టి, హైదరాబాదు కోఠీలో పెన్ను ఆకారంలో ఉండే కెమెరా ఒకటి కొన్నాను. ముందు మాచర్ల బజార్లో గ్యారంటీ గారి గురించి నలుగురినీ కదిపి, ఆయన గుట్టు కొంత తెలుసుకుని, ఆ తర్వాత ఆయన్ని కలవాలి. అంతా రహస్యం. ఈ పథకం విన్న మా మేనత్త చేతిలో ఉన్న చేట కింద పెట్టింది. ఆమె మా నాన్నకూ బాబాయికీ అక్క, నరసరావుపేటలో మా పక్క వీధిలోనే ఉండేది. ఊళ్ళో సగం సంబంధాలు ఆమె కుదిర్చినవే.

“ఒక్కదానివి పొయ్యి బజార్లో మగోళ్ళని నిలబెట్టి ప్రశ్నలేస్తావా? ఏమనుకుంటారే జనం?”

“నేను జర్నలిస్టుని అత్తా.”

“అది నీకు తెలుసు. వాళ్ళకి తెలవద్దూ?”

“తెలవకూడదనే గదా ఈ తిప్పలన్నీ!”

“అయితే చీర కట్టుకో. నేనొస్తన్నా.”

ఈ వాదనలో తప్పెక్కడుందో నాకు వెంటనే తట్టలేదు, ఇప్పటికీ తట్టలేదు. ఆమె బీరువాలోంచి మామిడిపిందెల అంచు చీర తీసి నాకు కట్టించింది, జడలో పూలు పెట్టింది. మారువేషం కదా అని నేనూ ఒప్పుకున్నాను. తాను పట్టుచీర కట్టుకుంది. మొత్తానికి ఎవరి కంటా పడకుండా చేయవలసిన పరిశోధనకు మేమిద్దరం మాచర్ల బస్సు అలా ఎక్కాం.

గ్యారంటీ గారి షాపుకు ఎదురుగా ఒక టీకొట్టు, పక్కన టైలర్ షాపు, ఇంకాస్త ముందుకు మందుల షాపు. నేను ఎంతో నేర్పుగా, ఏమీ ఎరగనట్టు మాటలు కలిపాను. ఆ ఎదుటి షాపాయన ఎలాంటి మనిషి? వ్యాపారం సవ్యంగా నడుస్తోందా? ఎప్పుడైనా గొడవలూ కేసులూ అయ్యాయా? మాట మీద నిలబడే మనిషేనా? అడుగుతూ పెన్నును ఛాతీకి ఎదురుగా పట్టుకుని వాళ్ళ మొహాల వైపు తిప్పేదాన్ని. టీకొట్టాయన నన్నూ మా అత్తనూ మార్చి మార్చి చూసి, మొహమంతా నవ్వు చేసుకుని, “దేవుడమ్మా ఆయన. దేవుడు కూడా ఒక్కోసారి కోప్పడతాడు, ఈయన కోప్పడ్డు,” అన్నాడు. టైలరు మిషను ఆపి మరీ, “చానా మంచి కుటుంబం. కండ్లు మూసుకుని నమ్మొచ్చు,” అన్నాడు. మందుల షాపాయనైతే ఆ ఇంట్లో ఎవరికీ బీపీ, షుగరు లేవని నేను అడక్కుండానే చెప్పాడు. బీపీకీ నకిలీ విత్తనాలకూ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు గానీ, అన్నీ రికార్డు చేసుకున్నాను.

నా ధైర్యానికి మొదటి దెబ్బ ఆ తర్వాత తగిలింది. బాబాయితో పాటే అదే గింజ కొని, అదే రకంగా మునిగిన ఒక రైతు టీకొట్టు బల్ల మీద కూర్చుని కనిపించాడు. ఆయన ఫలానా అని బాబాయి గుర్తులు చెప్పే పంపాడు. ఇక దొరికింది సాక్ష్యం అనుకుని దగ్గరికెళ్ళి, “గ్యారంటీ గారి గింజలు ఎట్టా ఉంటయ్యండీ?” అన్నాను. ఆయన మింగలేక ఒక గుక్క టీ మింగి, “బాగానే ఉంటయ్యమ్మా. ఆయనకేం, చానా మంచోడు,” అన్నాడు. తోట తోటంతా దున్నేసుకున్న మనిషి! భయపెట్టారా? ఏమన్నా ముట్టజెప్పారా? మాచర్ల మాచర్లంతా ఈయన గుప్పెట్లో ఉందా? ఇది నేను అనుకున్నదానికన్నా చాలా పెద్ద కుట్ర అని నాకు అప్పుడు నిశ్చయంగా అనిపించింది.

ఆ రైతు లేచి, మా అత్త దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “అక్కా, పిల్లోడు బంగారం. తండ్రితో నాకేదో గింజల గొడవుంది, అది నేనూ ఆయనా చూసుకుంటాం. దానికీ దీనికీ ముడిపెట్టి పిల్లోడి సంబంధం చెడగొట్టే పాపం నాకెందుకు?”

మా అత్త మొహంలో ఒక వెలుగు వచ్చింది. నా మొహంలో ఉన్న వెలుగు కాస్తా పోయింది.

మా వైపు పద్ధతి తెలిసినవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు. సంబంధం అనుకోగానే అవతలి ఊరికి మనుషులను పంపి, వాళ్ళ ఇంటి చుట్టుపక్కల గుట్టుగా అడిగిస్తారు. టీకొట్టు, టైలర్ షాపు, మందుల షాపు. మనిషి ఎలాంటివాడు, వ్యాపారం ఎలా ఉంది, కేసులేమైనా ఉన్నాయా. అడిగేవాళ్ళు ఎందుకు అడుగుతున్నారో చెప్పరు, చెప్పేవాళ్ళు తెలియనట్టే చెబుతారు. పెళ్ళికి అడ్డం పడే మాట మాత్రం చచ్చినా చెప్పరు. నేను రాత్రింబగళ్ళు ఆలోచించి తయారుచేసుకున్న రహస్య పరిశోధన అక్షరం పొల్లు పోకుండా ఆ పద్ధతిలోనే ఉంది. పైగా గ్యారంటీ గారికి పెళ్ళీడు దాటుతున్న కొడుకు ఉన్నాడట. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం లేని కుర్రాడికి పిల్లనిచ్చేవాళ్ళు కరువైన రోజులవి. అలాంటప్పుడు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, పెద్దదిక్కును వెంటబెట్టుకుని పిల్లే స్వయంగా విచారించడానికి వచ్చిందంటే, ఆ వీధి వీధంతా పుణ్యం కట్టుకోవడానికి నడుం బిగించింది.

“పోదాం పద అత్తా. అంతా చెడింది,” అన్నాను.

“ఏం చెడింది? బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చాం. పిల్లోణ్ణి చూసి పోదాం.”

“మనమొచ్చింది బాబాయి కోసం!”

“తెలుసులేవే. ఆ ఇంట్లోకి పోకుండా వాడి పని ఎట్టా అవుద్ది?” అంది. ఈ మాట తమ్ముడి మీద ప్రేమతో అందా, సంబంధం మీద ఆశతో అందా అని నేను తేల్చుకునేలోపే గ్యారంటీ గారి భార్య మనిషిని పంపించింది, ఎండలో నిలబడ్డారు, ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి పొమ్మని.

షాపు వెనకే ఇల్లు. ఇంటి వెనక గోడౌను. గ్యారంటీ గారు తెల్లచొక్కా మీద చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చి, “నేను ఓపెన్ మనిషిని చెల్లెమ్మా. పిల్లే వచ్చి చూసుకోవటం నాకు నచ్చింది. ఈ రోజుల్లో అట్టానే ఉండాల,” అన్నారు. ఆవిడ పళ్ళెం నిండా సున్నుండలు, జంతికలు పెట్టింది. కొడుకు ఒక మూల కుర్చీలో, ఎవరో బలవంతంగా తెచ్చి కూర్చోబెట్టినట్టు కూర్చున్నాడు. నేను పెన్ను పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే ఆవిడ, “ఏందమ్మా, పెన్ను అట్టా పట్టుకున్నావు?” అని అడిగింది. నేను పెన్ను గభాలున దించాను. మా అత్త తొణకలేదు. “రచయిత్రి వదినగారూ. ఎప్పుడేం తోస్తదో తెలవదు,” అంది. (అప్పటికి నేను రాసినవి రిబ్బను వార్తలే.)

ఇక అత్త పని మొదలైంది. నిజం చెప్పొద్దూ, ఆమె గింజల ఊసే ఎత్తలేదు. మామూలుగా ఏ సంబంధంలోనైనా అడిగే ప్రశ్నే అడిగింది. “అన్నయ్యగారూ, ఏమీ అనుకోబాకండి. విత్తనాల యాపారం ఒకేడు ఉంటది, ఒకేడు ఉండదు. రేపు పిల్ల ఇబ్బంది పడకూడదు గదా?”

గ్యారంటీ గారికి పౌరుషం వచ్చింది. “అందరికీ అట్టా ఉంటదేమో, నాకు కాదు. రాండి చూపిస్తా.” మమ్మల్ని గోడౌను దగ్గరికి తీసుకెళ్ళి తాళం తీశారు. అత్త జంతికల పళ్ళెంతో సహా వచ్చింది. లోపల బస్తాలు, ఒక పెద్ద డ్రమ్ము, కవర్లు అంటించే మిషను. ఆయన ఒక బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి అత్తకు చూపించారు. “మనలో మాట, ఇంటి మనుషులయ్యేవాళ్ళు కాబట్టి చెప్తన్నా. కారం మిల్లుల్లో మిగిలిపోయే గింజ ఇది. ఎవరికీ అక్కర్లేదు. ఈ డ్రమ్ములో పోసి రంగు పట్టించామంటే కంపెనీ గింజ పక్కన పెట్టినా తేడా తెలవదు. కవర్లో పోసి అంటించటమే. పెట్టుబడే లేని యాపారం చెల్లెమ్మా, నష్టం యాణ్ణుంచి వస్తది? మీ పిల్ల కాలు మీద కాలేసుకుని బతుకుద్ది, గ్యారంటీ నాది!”

పెన్ను నేరుగా ఆయన మొహం వైపే ఉంది. బాబాయి అడిగిన ఒక్క మాటకు బదులు పది మాటలు దొరికాయి. నేను మహా పరిశోధకురాలిని అయిపోయానని ఆ క్షణంలో నాకు ఏ అనుమానమూ లేదు.

తిరిగి ఇంట్లోకి రాగానే, పిల్లా పిల్లోడూ రెండు మాటలు మాట్లాడుకోవాలి గదా అని మమ్మల్నిద్దరినీ డాబా మీదికి పంపారు. అక్కడ అప్పడాలు ఆరబెట్టి ఉన్నాయి. ఆ అబ్బాయి అప్పడాల వైపు చూస్తూ, “మీరు ఇందాకట్నుంచి ఒక్కసారి గూడా నా మొహం చూడలా,” అన్నాడు.

“అట్టా ఏం లేదండీ.”

“గోడౌన్లో డ్రమ్ము వైపు మాత్రం చానాసేపు చూశారు. సంబంధానికొచ్చినోళ్ళు డ్రమ్ములు చూడరండీ.”

ఇక్కడ నేను ఏదైనా అబద్ధం అల్లగలిగేదాన్నే. ఆ అబ్బాయి అడిగిన తీరులో కోపం లేదు, ఒక అలసట ఉంది. కిందికెళ్ళి తండ్రికి ఒక్క మాట చెబితే నా పెన్నూ పోతుంది, బాబాయి ఆశా పోతుంది. అయినా చెప్పేశాను. బాబాయి చేను గురించి, ఆరిపోతున్న పదును గురించి, పీకాలా వద్దా అని పొద్దున లేవగానే గట్టు మీద కూర్చునే ఆ మనిషి గురించి అంతా చెప్పాను. ఆ అబ్బాయి వంగి రెండు అప్పడాలు తిరగేశాడు.

“మా చేలో ఆ గింజ ఎయ్యం,” అన్నాడు చివరికి. “నాన్న ఎయ్యనియ్యడు. మాకు వేరే గింజ తెప్పిస్తాడు. అదొక్కటే నాకు ఎప్పుడూ మింగుడు పడదు.” లేచి నిలబడి, “మీ బాబాయి గారి చేను నేను చూస్తా. నేనొక్కణ్ణి కాదు, నాన్నని గూడా తీసుకొస్తా. మగపిల్లోడి తరఫోళ్ళు పొలం చూట్టానికి రావటం పద్ధతే గదా. మీరు రమ్మని కబురు పంపండి, చాలు,” అన్నాడు. నేను అప్పుడు మొదటిసారి అతని మొహం చూశాను. మంచి మొహం.

ఇంటికొచ్చి ఆత్రంగా పెన్నును కంప్యూటరుకు తగిలించాను. మా నాన్న, అమ్మ, అత్త అందరూ చుట్టూ చేరారు. టీకొట్టాయన దేవుడి మాట బ్రహ్మాండంగా వచ్చింది. బీపీ లేదన్న మాట ఇంకా బాగా వచ్చింది. గోడౌను దగ్గరికి వచ్చేసరికి తెర మీద సగం గోడౌను కప్పు, సగం మా అత్త భుజం. పోనీ మాటలైనా ఉన్నాయిగా అనుకుని సౌండు పెంచాను. “మనలో మాట...” అని గ్యారంటీ గారి గొంతు మొదలైంది. ఆ వెంటనే కరకర, కరకర, కరకర. ‘కారం మిల్లు’ దగ్గర ఒక జంతిక, ‘రంగు’ దగ్గర ఒక జంతిక, ‘కవర్లో పోసి’ దగ్గర రెండు. చప్పుడు ఆగిన చోట వినిపించిన ఒకే ఒక్క ముక్క, ‘గ్యారంటీ నాది!’

“అత్తా!” అని అరిచాను.

“ఏం చెయ్యమంటావే? నా తమ్ముడి కడుపు ఎట్టా కొట్టాడో నా మొహాన నవ్వుకుంటా చెప్తంటే, నమలకపోతే తిట్టేదాన్ని!” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మర్నాడే బాబాయి ఫోన్ చేశాడు. పదును ఆఖరికొచ్చింది, ఇక ఆగలేను, ఎద్దుల్ని మాట్లాడుకున్నానన్నాడు. ఆదివారం దాకా ఆగమని బతిమాలాను. ఆ అబ్బాయి మాట మీద నిలబడతాడా లేదా, నిలబడితే మాత్రం ఏమవుతుంది అనేది నాకేమీ తెలియదు. కబురు మాత్రం పంపించాను.

ఆదివారం రెండు కార్లలో వచ్చారు. గ్యారంటీ గారు, ఆయన భార్య, కొడుకు, వాళ్ళ వైపు పెద్ద మేనమామ, ఇంకొందరు పెద్దలు. పెళ్ళివారొస్తున్నారని విని చుట్టుపక్కల రైతులంతా చేను గట్టు మీదికి చేరారు, టీకొట్టు రైతుతో సహా. నేను నా పెద్ద కెమెరాను స్టాండు మీద బాహాటంగా నిలబెట్టాను. ఆ రోజు నేను నేర్చుకున్న పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. పెన్నులో, గుండీలో దాచక్కర్లేదు, మన నేల మీద కెమెరా చూసి ఎవరూ భయపడని సందర్భం పెళ్ళి ఒక్కటే. గ్యారంటీ గారైతే కెమెరా చూడగానే జుట్టు సర్దుకుని, “ఇటు నిలబడనా అమ్మాయ్, ఎండ మొహాన పడుద్దా?” అని అడిగి మరీ నిలబడ్డారు.

షాపుకొచ్చే వందలమందిలో ఒకడైన బాబాయిని ఆయన గుర్తుపట్టనే లేదు, నేరుగా చేను వైపు తిరిగారు. ఆయన మొహం మారిపోయింది. నాలుగు సాళ్ళు లోపలికి నడిచి, ఒక పొడుగు కాయ, ఒక పొట్టి కాయ కోసి అరచేతిలో పెట్టుకుని, పెద్దలందరికీ వినపడేలా గొంతు పెంచారు. ఆడపిల్ల వాళ్ళ ముందు తన అనుభవం చూపించుకునే అవకాశం మళ్ళీ వస్తుందా?

“ఇది కంపెనీ గింజ కాదయ్యా. మిల్లు గింజ! రంగు పూసి మీకు అంటగట్టారు. నేను చూడంగానే చెప్తా, ఎన్నేళ్ళ అనుభవం నాది! ఎంత ద్రోహం! రైతు కడుపు కొట్టే ఇట్టాంటోళ్ళని బజార్లో నిలబెట్టాల. ఎవడమ్మాడు? పేరు చెప్పండి, రేపు పొద్దున్నే తేలుస్తా, గ్యారంటీ నాది!”

బాబాయి తలకు చుట్టిన తువ్వాలు తీశాడు. “తమరేనండీ,” అన్నాడు.

గ్యారంటీ గారు నవ్వబోయారు, అటూ ఇటూ చూశారు, చేతిలోని కాయలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చొక్కా జేబులో వేసుకున్నారు. “నా షాపు గింజేనని గ్యారంటీ ఏంది?” అన్నారు. బాబాయి పాకలోకెళ్ళి ఖాళీ కవరు తెచ్చాడు. దాన్ని ముందుగా అందుకున్నది ఆయన కొడుకు. తిప్పి, అంటించిన అంచు చూసి, తండ్రి మొహంలోకి సూటిగా చూస్తూ, “మనదే నాన్నా. మన మిషన్ అంటించిందే,” అన్నాడు. కవరు మడవకుండా అందరికీ కనపడేలా పట్టుకున్నాడు.

అప్పుడు మా అత్త ముందుకొచ్చింది. ఆ రోజు ఆమె నోట్లో జంతిక లేదు. ఆమె అన్నవన్నీ నా సినిమాలో లేవు, పెట్టడం కుదరదు. ఆవిడ ఆగాక, గట్టు మీది రైతులు ఒక్కొక్కరే నోరు విప్పారు. సంబంధం చెడగొట్టే పాపం ఇప్పుడు వాళ్ళ మెడకు చుట్టుకోదు కదా. చివరికి గ్యారంటీ గారి పెద్ద మేనమామ చేతికర్ర నేలకు కొట్టి, “ఒరేయ్, సంబంధం సంగతి దేవుడెరుగు. ముందు వీళ్ళ కౌళ్ళు నువ్వు కట్టు. జొన్న విత్తనం తెచ్చియ్యి. మంచిది తెచ్చియ్యి!” అన్నాడు. గ్యారంటీ గారు తలూపారు. జీవితంలో మొదటిసారి, గ్యారంటీ అనే మాట లేకుండా తలూపారు.

ఆ వీడియో పట్టుకుని వ్యవసాయాఫీసుకు వెళితే ఈసారి బిల్లు అడగలేదు. మర్నాడే వచ్చి చేను చూసి రాసుకుని వెళ్ళారు, గోడౌనుకు సీలు వేశారు. వాళ్ళ జీపు అటు కదలగానే బాబాయి ఎద్దుల్ని ఇటు తోలాడు. మిరప చెట్లు కూలుతుంటే నేను గట్టు మీద కూర్చుని తీశాను. పదును ఇంకా ఉందా అని నాగలి చాలు వెంట నడుస్తూ మట్టి పిసికి చూసుకుంటూ, “ఉందే అమ్మడూ, ఉంది!” అని వెనక్కి తిరిగి అరిచాడు. నా మొదటి సినిమా ఆ కేకతోనే ముగుస్తుంది. తర్వాత ఎన్నో తీశాను, కొన్నిటికి బహుమతులూ వచ్చాయి. అంత బాగా ముగిసింది ఇంకొకటి లేదు.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం మా ఇంటికి తెలియని దంపతులు వచ్చారు. నేను ఏదో కొత్త సినిమా ఎడిటింగులో తలమునకలుగా ఉన్నాను. ఆవిడ మంచినీళ్ళు తాగి, అటూ ఇటూ చూసి, ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టింది. “మాచర్లలో ఫలానా వాళ్ళబ్బాయి, ఇప్పుడు సొంతంగా యవసాయం చేసుకుంటన్నాడు... మీకు తెలిసిన మనుషులేనంట గదా?”

నాకు నవ్వొచ్చింది. అడిగే పద్ధతిలో చిన్న తప్పు కూడా లేదు. మామూలుగా అయితే ఇలాంటి చోట మంచి మాటలే చెబుతారు. నేను నిజం చెప్పాను, రెండూ ఒకటే అయ్యాయి. కన్నతండ్రి ముందు, ఊరందరి ముందు నిజం చెప్పిన మనిషనీ, తాను తినని అన్నం ఇంకొకరికి పెట్టని మనిషనీ, అలాంటివాళ్ళను నేను ఈ వృత్తిలో చాలా తక్కువమందిని చూశాననీ చెప్పాను. చెబుతున్నకొద్దీ ఇంకా చెప్పాలనిపించింది, చెప్పాను. ఆవిడ చాలాసేపు విని, నా మొహం కేసి పరీక్షగా చూసింది.

“అంత మంచోడైతే మరి నువ్వెందుకు చేసుకోలా అమ్మాయ్?”

ప్రశ్నలు అడగడమే బతుకుగా పెట్టుకున్నదాన్ని. ఎదుటి మనిషి ఒక ప్రశ్నకు ఎంతసేపు తడుముకుంటే ఎంత నిజం దాస్తున్నాడో ఇట్టే చెప్పగలను. ఆ రోజు నేను ఎంతసేపు తడుముకున్నానో ఆవిడ చూసే ఉంటుంది. “పని ఉండిందండీ,” అన్నాను. ఆవిడ మా అమ్మ వైపు చూసి, ఇంకేమీ అడక్కుండా లేచింది.

ఆ సంబంధం కుదిరింది. పెళ్ళికి శుభలేఖ వచ్చింది, మా అత్త వెళ్ళి అక్షింతలు వేసి వచ్చి, భోజనాలు చాలా బాగున్నాయని నాకు వినపడేలా రెండుసార్లు చెప్పింది. మొన్న పాత ఫుటేజీ సర్దుతుంటే ఆ చేను గట్టు మీద కెమెరా వెనక నిలబడిన నా నీడ ఒక షాటులో కనిపించింది. నడుం మీద చెయ్యి వేసుకుని, ప్రపంచంలో తేల్చవలసినవన్నీ తానే తేల్చేస్తానన్నంత ధీమాగా నిలబడి ఉంది ఆ పిల్ల. ఎదురుగా ఆ అబ్బాయి కవరు పట్టుకుని కెమెరా వైపు, అంటే ఆ పిల్ల వైపే చూస్తున్నాడు. ఆ పిల్ల ఫోకస్ సరిచేసుకుంటోంది. పాపం, ఆ రోజుల్లో దానికి నిజంగానే చాలా పని ఉండేది.